రహీం సాబ్ ఒక్కడే గెలిపించిండా?

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చినప్పటి నుంచి మా తంగళ్ళపల్లి, సిరిసిల్ల చాయ్ హోటళ్లలో కూడా సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినిపిస్తున్నది. సంతోషమే. మన హైదరాబాద్ మనిషిని మనకు గుర్తు చేయడానికి బొంబాయి నుంచి అజయ్ దేవగన్ రావాల్సి వచ్చినందుకు కొంచెం సిగ్గుపడాలి గానీ, అది వేరే ముచ్చట. నా పేచీ ఆ పేరుతో పాటు ఊరూరా తిరుగుతున్న తీర్పుతో. “రహీం సాబ్ ఉన్నన్నాళ్లు హైదరాబాద్‌ను కొట్టేటోడు లేడు. ఆయన పోయిండు, ఆటా పోయింది.” మరమగ్గాల సాంచెల కాడ రాత్రి షిఫ్టు దిగి చాయ్ తాగే పిల్లగాడి నుంచి పత్రికల్లో స్మారక వ్యాసాలు రాసే పెద్దల దాకా అందరూ ఇదే అంటున్నారు. వినడానికి గౌరవంగా ఉంటుంది. చరిత్ర మాత్రం అలా నడవలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. ఇక్కడి నుంచి డాలస్ వెళ్లి స్థిరపడ్డ మా పిల్లలు అమెరికా ఫుట్‌బాల్ చూడటం మరిగారు. మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, మనుషులను గుద్దుకుంటూ ఉరికే ఆట. వాళ్ల వాట్సాప్ గొడవ ఏళ్ల తరబడి ఒక్కటే: న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆ ఆటలో పెద్ద కప్పు సూపర్ బౌల్‌ను ఆరుసార్లు గెలిచింది ఆటగాడు టామ్ బ్రేడీ వల్లనా, కోచ్ బెలిచిక్ వల్లనా? 2020లో బ్రేడీ జట్టు మారి, 2021 ఫిబ్రవరిలో టాంపా బేతో ఏడో కప్పు ఎత్తగానే, తగువు తీరిపోయిందని సగం మంది తేల్చేశారు. ఇద్దరిలో ఏ ఒక్కడు అని అడిగారు తప్ప, అసలు ఒక్కడేనా అని ఎవరూ అడగలేదు.

ముందు మన సంగతి చూద్దాం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1939లో మొదలైంది. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ఆ తెల్లవాళ్ల జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడని చెప్తారు. ఇంగ్లండ్‌కు క్రికెట్, ఆర్సెనల్‌కు ఫుట్‌బాల్ ఆడిన కాంప్టనే. అప్పటికి పోలీసు జట్టుకు శిక్షకుడు రహీం కాదు. నార్బర్ట్ ఫ్రువాల్ లాంటి వాళ్లు అప్పటికే ఆ జట్టుకు ఒక ఒరవడి పెట్టారు. రహీం చేతికి జట్టు వచ్చింది 1950లో. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు ఆ జట్టుదే. 1950లోనే ఢిల్లీ డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను పడగొట్టారు. 1956–57, 1957–58లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, బలరాం, అందరూ మన నగరపు పిల్లలే. రహీం గొప్పతనం మీద నాకు రవ్వంత అనుమానం లేదు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చాయి. ఇప్పటికీ వాటి పక్కన మూడోది చేరలేదు.

1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో పోయారు. తీర్పు ప్రకారం ఆట కూడా ఆ రోజే పోవాలి కదా? ఆ ఏడాది రోవర్స్ కప్ మళ్లీ ఆ పోలీసు జట్టే, ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో, గెలిచింది. 1965–66లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్ కప్పు తెచ్చింది. అప్పటికి రహీం పోయి రెండేళ్లు దాటింది. ఇంకో మాట: 1961లో రోవర్స్ గెలిచింది పోలీసులు కారు, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్ సైనిక జట్టు. రహీం చేయి తగలని జట్టు కూడా ఈ జంట నగరాల్లోంచే లేచి దేశాన్ని గెలిచిందంటే, గెలుపు మందు ఒక్కరి జేబులో లేదన్నట్టే కదా.

మరి ఎక్కడున్నది? నన్నడిగితే కానిస్టేబుల్ నౌకరీలో ఉన్నది.

ఆ రోజుల్లో బంతి ఆడే పిల్లల ఇళ్లు ఎలాంటివో తులసీదాస్ బలరాం జీవితం చూస్తే తెలుస్తుంది. ఆయనది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ, నిరుపేద కుటుంబం. ఆడటానికి బూట్లు లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లను మోచీతో ఆట బూట్లుగా కుట్టించుకున్నాడు. రహీం ఆయన ఆట చూసి నగరానికి రమ్మంటే, అంత దూరం రావడానికి పైసలు లేవన్నాడు. రహీం తన జేబులోంచి సైకిల్ కిరాయి ఇచ్చి పిలిపించుకున్నారు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు “ఎంత గొప్ప గురువు!” అంటారు. అనాల్సిందే. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది: దేశంలోకెల్లా గొప్ప జట్టున్న నగరంలో కూడా ఒక పిల్లగాడు మైదానానికి చేరాలంటే మాస్టారి జేబు మీద ఆధారపడాల్సి వచ్చింది. ఒక్క బలరాం చేరాడు. కిరాయి దొరకనివాళ్లు ఎంతమందో ఏ లెక్కలోనూ లేరు.

పోలీసు జట్టు ఈ సమస్యను తనదైన పద్ధతిలో తీర్చింది. బాగా ఆడే పిల్లగాణ్ని పట్టుకుంటే ఖాకీ బట్టలు, నెల తిరిగేసరికి జీతం, తర్వాత పింఛను. అమ్మానాన్నలు “ఆటలాడి ఏం బాగుపడతవ్ రా” అనే మాట ఆ ఒక్క దెబ్బతో ఆగిపోతుంది. పైగా పొద్దున్నా సాయంత్రం ఒకే మైదానంలో, ఒకే మనుషులతో, ఏళ్ల తరబడి కలిసి ఆడతారు. పక్కవాడు బంతి ఎటు కొడతాడో తల తిప్పకుండానే తెలిసిపోయేంత అలవాటు అది. రహీం పాఠం ఎంత గొప్పదైనా, సాయంత్రానికి హోటల్లో కప్పులు కడిగి బతకాల్సినవాడికి దాన్ని నేర్చుకునే తీరిక ఎక్కడిది? మా సిరిసిల్లవాళ్లకు ఇది సులువుగానే అర్థం కావాలి. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ ఇచ్చినన్నాళ్లు సాంచెలు నడిచాయి, ఆసాములకూ కార్మికులకూ చేతినిండా పని దొరికింది. ఆర్డర్ ఆగినప్పుడు సాంచెలు ఆగాయి. అప్పుడు ఎవరూ “సిరిసిల్లలో మంచి పనిమంతుడు చచ్చిపోయిండు, అందుకే ఆగినయ్” అనలేదు.

ఇక ఆ తీర్పులో రెండో సగం, ఆట పోయిందన్న మాట. రహీం పోయాక ఈ నగరం ఆటగాళ్లను కనడం మానేసిందా? 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. హైదరాబాదీ. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచింది. బగాన్ గోల్స్‌లో ఒకటి కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా మనవాళ్లే. రహీం పోయిన పదిహేను, ఇరవై ఏళ్ల దాకా కూడా మన గల్లీలు ఆటగాళ్లను తయారు చేస్తూనే ఉన్నాయి. ఒంటి మీద జెర్సీ మాత్రం కలకత్తాది. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు, రహీం బతికుండగానే. ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ గెలిచిన హబీబ్ 1966లో అదే దారి పట్టాడు. కలకత్తా పెద్ద క్లబ్బులు పైసలిచ్చాయి, పేరిచ్చాయి, గ్యాలరీ నిండా జనాన్ని ఇచ్చాయి. కానిస్టేబుల్ జీతం అంతకు పదిహేనేళ్ల ముందు పెద్ద ఆకర్షణ. కలకత్తా రేటు ముందు అది నిలబడలేకపోయింది. ఆపడానికి మన దగ్గర పైసలు లేవు, దేశంలో నియమమూ లేదు. కనుక పోయింది ఆట కాదు, జట్టు. ఆ తేడా చూడనివాళ్లకే ఇదంతా ఒక చావు కథలా కనిపిస్తుంది.

“క్రికెట్ మింగేసింది” అనే ఇంకో మాట ఉంది. దానికి ఎక్కువ చోటు ఇవ్వను. కపిల్ దేవ్ ప్రపంచ కప్పు ఎత్తింది 1983లో. మన జట్టు చెదిరిపోయింది అంతకు పదిహేనేళ్ల ముందే. కలకత్తాలోనూ క్రికెట్ ఉన్నది, ఈడెన్ గార్డెన్స్ ఉన్నది అక్కడే. వాళ్ల ఫుట్‌బాల్ ఎందుకు మునగలేదు?

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం, ఎందుకంటే ఈ ఒక్కడి సిద్ధాంతానికి అసలు పుట్టిల్లు అక్కడే. సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు ఇచ్చే ట్రోఫీకే ఒక కోచ్ పేరు పెట్టుకున్న దేశం అది: విన్స్ లొంబార్డీ. ఆ దేశపు రికార్డులు మాత్రం ఇంకో కథ చెబుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్‌ను మూడుసార్లు విజేతగా చేసిన బిల్ వాల్ష్ 1988 సీజన్ కప్పు ఎత్తి తప్పుకున్నాడు. మేధావి అని పేరున్నవాడు. మరుసటి ఏడాది జార్జ్ సీఫర్ట్ పగ్గాలు పట్టాడు. అదే జట్టు ఫైనల్లో డెన్వర్‌ను 55–10తో చితక్కొట్టింది. డాలస్ కౌబాయ్స్‌ది ఇంకా విడ్డూరం. జిమ్మీ జాన్సన్ 1992, 1993 సీజన్లు గెలిపించి యజమానితో పడక వెళ్లిపోయాడు. బ్యారీ స్విట్జర్ వచ్చి 1995 సీజన్ గెలిచాడు, దాదాపు ఆ ఆటగాళ్లతోనే. పేట్రియట్స్ దగ్గర 2008లో మొదటి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలు పోయింది. అంతవరకు బెంచీ మీద కూర్చున్న మ్యాట్ క్యాసెల్‌తోనే ఆ జట్టు పదహారింటిలో పదకొండు గెలిచింది.

1970లలో ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సంగతి నాకు అన్నింటికంటే ఇష్టం. కోచ్ చక్ నోల్ పేరు అందరికీ తెలుసు. బిల్ నన్ పేరు ఎవరికి తెలుసు? ఆయన పిట్స్‌బర్గ్‌లో నల్లవాళ్ల పత్రికలో పనిచేసిన జర్నలిస్టు. దక్షిణాది నల్లజాతి కాలేజీల్లో ఎవడు ఎంత బాగా ఆడుతున్నాడో ఆయనకు కొట్టిన పిండి, ఎందుకంటే ఏటా ఆ కాలేజీల మేటి ఆటగాళ్ల జాబితా రాసేది ఆయనే. మిగతా జట్లు ఆ కాలేజీల వైపు సరిగా చూడని రోజుల్లో స్టీలర్స్ ఆయనను స్కౌటుగా తెచ్చుకుంది. 1974 ఒక్క ఏడాది ఎంపికలోనే వాళ్లు తెచ్చుకున్న నలుగురు తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. నన్‌కు ఆ గౌరవం దక్కింది 2021లో, ఆయన పోయాక. జట్టు వెనుక కాలేజీ కాలేజీ తిరిగి నోట్‌బుక్ నింపిన మనిషి ఒకడుంటాడు. ఆయన సినిమాకు పనికిరాడు, ఎందుకంటే ఆయన పనిలో ఆఖరి నిమిషం గోలు ఉండదు.

నామీద ఎక్కుపెట్టగల బాణం ఒకటి ఉంది, అది లొంబార్డీయే. గ్రీన్ బే ప్యాకర్స్ 1958లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచింది. 1959లో ఆయన వచ్చాడు. 1961, 62, 65, 66, 67 సీజన్లు వాళ్లవే. ఆయన దిగిపోయాక మళ్లీ కప్పు రావడానికి 1996 సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలంటారు. ఒప్పుకుంటాను, ఓడే జట్టును గెలిచే జట్టుగా మార్చింది లొంబార్డీయే. గురువు అక్కర్లేదని నేను ఎక్కడా అనలేదు. అయితే ఆయన వచ్చేసరికి బార్ట్ స్టార్, పాల్ హార్నుంగ్, జిమ్ టేలర్, రే నిట్ష్కే ఆ జట్టులోనే ఉన్నారు. వాళ్లను ఏరి తెచ్చినవాడు జాక్ వైనిసి అనే స్కౌటు. మొదటి కప్పు చూడకుండానే 1960లో, ముప్పై మూడేళ్లకే పోయాడు. లొంబార్డీ దిగిపోయిన 1968 నాటికి స్టార్‌కు ముప్పై నాలుగు నిండాయి. ఆ తరం ఆటగాళ్లంతా అలసిపోయారు. లొంబార్డీ వాషింగ్టన్ జట్టుకు వెళ్లి ఒక్క సీజన్ చేశాడు, కప్పు రాలేదు. మరుసటి ఏడాదే చనిపోయాడు గనుక ఆ ఒక్క సీజన్‌ను పట్టుకుని ఎక్కువ వాదించను.

గ్రీన్ బే గురించి అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరది. న్యూయార్క్, షికాగోల మధ్య ఇంత చిన్న ఊరి జట్టు వందేళ్లకు పైగా ఎలా బతికి, అందరికంటే ఎక్కువగా పదమూడు ఛాంపియన్‌షిప్‌లు ఎలా గెలిచింది? ఆ జట్టుకు కోటీశ్వరుడైన సేటు లేడు. ఊరి జనం, అభిమానులు వాటాలు కొనుక్కున్న జట్టు. దాన్ని అమ్మి ఇంకో నగరానికి తరలించే వీల్లేదు. 1960ల తొలినాళ్ల నుంచి టీవీ హక్కుల పైసలు జట్లన్నీ సమానంగా పంచుకుంటున్నాయి. గ్రీన్ బేకు వచ్చే వాటా, న్యూయార్క్‌కు వచ్చే వాటా ఒక్కటే. 1936 నుంచి డ్రాఫ్ట్ పద్ధతి: నిరుడు అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాడికి ఈసారి కొత్త ఆటగాళ్లలో మొదటి ఎంపిక. 1994 నుంచి జీతాల మొత్తానికి పరిమితి. ఇన్ని కట్లు కట్టినా బలమైన జట్లు వచ్చాయి, ఏలాయి, పోయాయి. కానీ ఏ ఊరి మట్టీ పూర్తిగా ఎండిపోలేదు. డాలస్ కౌబాయ్స్ ప్రపంచంలోకెల్లా ఖరీదైన జట్టుగా పేరు మోసినా 1995 సీజన్ తర్వాత సూపర్ బౌల్ మొహం చూడలేదు. పైసలున్నోడిదే రాజ్యం కాకుండా నియమాలు ఆపుతున్నాయి. 1957లో ఈస్ట్ బెంగాల్‌కూ హైదరాబాద్ పోలీసుకూ మధ్య ఇలాంటి నియమం ఒక్కటి ఉండి ఉంటే బలరాం ఎక్కడ ఆడేవాడో ఊహించుకోండి.

నిన్నమొన్నటి హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా కొందరు నాకు ఎదురు పెడుతున్నారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. మరుసటి సీజన్ లీగు దశలో రెండో స్థానం. 2023లో కోచ్ మనోలో మార్క్వెజ్ వెళ్లిపోయాడు. 2023–24 సీజన్ మొత్తంలో ఒక్కటే మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. “చూడు, కోచ్ పోయిండు, జట్టు కూలింది!” అంటారు. ఆ సీజన్లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు మధ్యలోనే విడిచిపోయిన సంగతి, మైదానంలోకి కుర్రాళ్లను దింపి నెట్టుకొచ్చిన సంగతి ఆ నోటితో చెప్పరు. చివరికి 2025లో జట్టే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. మార్క్వెజ్ ఉండి ఉంటే ఇంకో రెండు మూడు మ్యాచ్‌లు గెలిచేవాళ్లేమో. ఒకటో తారీఖున జీతం ఇచ్చే పని కోచ్‌ది కాదు. డెబ్బై ఏళ్ల కింద ఒక పోలీసు శాఖ చేయగలిగిన పనిని ఈ కార్పొరేట్ ఫుట్‌బాల్ చేయలేకపోయిందంటే, మన చర్చ అక్కడ మొదలు కావాలి.

ఈ ఒక్కడి కథ ఎవరికి లాభం? సంఘాలు నడపాల్సిన పెద్దలకూ, సర్కార్లకూ. మహానుభావుడు పోయాడు గనుక ఆట పోయిందంటే, ఇక ఎవరిదీ తప్పు కాదు. మహానుభావులు అడిగితే పుట్టరు కదా! ఒక విగ్రహం, ఒక అవార్డు, జయంతికి ఒక దండ, దాంతో బాధ్యత తీరిపోతుంది. అదే జీతం లేక, మైదానం లేక, నియమం లేక పోయిందంటే, జీతం ఎందుకివ్వలేదు, మైదానం ఎవరు మింగారు అని అడిగేవాళ్లు బయలుదేరుతారు.

రహీం సాబ్ స్వయంగా ఏం చేశారో చూస్తే ఈ కథ ఆయనకే అన్యాయమని తెలుస్తుంది. ఆయన బడి పంతులు. నలభైల నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టారు, బంతిని పక్కవాడికి ఇవ్వడం నేర్వాలని. అలవాటు లేని కాలితోనే తన్నాలనే షరతుతో ఇంకో పోటీ పెట్టారు. ఇవి జాతీయ జట్టుకు కాదు, గల్లీ పిల్లలకు. ఆయన రోజులో ఎక్కువ భాగం గడిచింది ఏ జట్టు ఎప్పుడు ఎక్కడ ఆడాలో రాసుకునే రిజిస్టర్ల ముందే అయి ఉంటుంది. సినిమా ఆయనను గీత పక్కన నిలబడి సిగరెట్ తాగే ఒంటరి వీరుడిగా చూపింది. నేనైతే ఆ రిజిస్టర్ పట్టుకున్న కార్యదర్శిని చూపమంటాను.

ఇక మా దగ్గరి సంగతి. సిరిసిల్ల, తంగళ్ళపల్లి మధ్య మానేరు వంతెన మీద తెల్లారకముందే ఉరికే పిల్లలు కనిపిస్తారు. 1600 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారీ. వాళ్లలో బడి రోజుల్లో వాలీబాల్, కబడ్డీ బాగా ఆడినవాళ్లు ఉన్నారు. ఇంటర్ అయ్యాక వదిలేశారు, నౌకరీ కోసం ఉరకాలి గనుక. ఒకప్పుడు ఆట వచ్చినవాడికి ఖాకీ నౌకరీ ఇచ్చి, ఇంకా ఆడుకొమ్మన్న రాజ్యం ఇది. ఇప్పుడు ఆ నౌకరీ కోసమే ఆట మానుకోవాల్సి వస్తున్నది. నోటిఫికేషన్లలో క్రీడా కోటా ఉన్నది, కానీ దానికి పనికొచ్చే సర్టిఫికెట్ రావాలంటే పెద్ద పోటీల దాకా పోవాలి, అక్కడికి పోవాలంటే మండలంలో ఏడాది పొడవునా నడిచే లీగు ఉండాలి, లీగు నడవాలంటే బడిలో పీఈటీ సారు ఉండాలి, ఆయనకు ఒక మైదానం ఉండాలి. ఇందులో ఏ మెట్టుకూ మహానుభావుడు అక్కర్లేదు. ఒక జీవో, ఒక జీతం, ఒక ఎకరం రెండెకరాల చదును నేల చాలు. మళ్లీ ఎవరైనా “ఇంకో రహీం పుట్టాలె” అంటే, జిల్లాలో ఎన్ని పీఈటీ పోస్టులు ఖాళీగా ఉన్నాయో ముందు కలెక్టరేట్‌లో అడిగి రమ్మనండి.